ఇన్సూరెన్స్ లెక్కలో చచ్చిన బండి... అరకు కొండెక్కింది!

‘సింగిల్ ఓనర్. షోరూమ్ కండిషన్. నో యాక్సిడెంట్. ఏసీ సూపర్. టైర్లు 80 శాతం. సీరియస్‌గా కొనేవాళ్లే కాల్ చేయండి.’

అరకు, పాడేరు, ఎస్.కోట వైపు సెకండ్ హ్యాండ్ బండ్ల వాట్సాప్ గ్రూపు ఏది తెరిచినా ఈ ఐదారు ముక్కలే. కింద కడిగి మెరిపించిన ఫొటోలు నాలుగు. ధర చూస్తే మార్కెట్ రేటు కన్నా లక్షో, లక్షన్నరో తక్కువ. ఎందుకు తక్కువ అంటే ‘ఓనర్ ఫారిన్ వెళ్లిపోతున్నారు, అర్జెంటు’ అంటారు. మన జిల్లాల నుంచి ఇంతమంది కారు ఓనర్లు ఫారిన్ వెళ్తున్నారా అని నాకైతే ఎప్పుడూ డౌటే.

ఆ మెసేజ్‌లలో ఎప్పుడూ కనిపించని మాట ఒకటుంది. టోటల్ లాస్. అంటే, ఇన్సూరెన్స్ కంపెనీ ఒకప్పుడు ‘ఈ బండిని బాగు చేయడం దండగ’ అని తేల్చేసి, ఓనర్‌కి డబ్బులిచ్చి పంపేసిన బండి. అలాంటివన్నీ తుక్కులోకే పోతాయనుకుంటాం. కొన్ని పోతాయి. మిగిలినవి రంగేసుకుని రోడ్డు మీదికి వస్తాయి. మా కొండల మీదికీ వస్తాయి.

ఎందుకంటే ఇక్కడ గిరాకీ ఉంది. నవంబరు నుంచి జనవరి దాకా అరకులో మంచుతో పాటు జనమూ దిగుతారు. కిరండూల్ రైలుకి 2017లో అద్దాల విస్టాడోమ్ బోగీ తగిలించాక రైల్లో వచ్చేవాళ్లూ పెరిగారు. స్టేషన్లో దిగినవాళ్లకి బొర్రా, కటికి జలపాతం, చాపరాయి, మాడగడ, తెల్లారగట్ల వంజంగి మేఘాలు... అన్నింటికీ బండి కావాలి. ఏడు సీట్ల బండి ఒకటి చేతిలో ఉంటే కాఫీ తోట, మిరియాలతో పాటు సీజన్‌లో ఇంకో ఆదాయం. కొత్తది కొనాలంటే లక్షల్లో మాట. జీతం స్లిప్పు లేని కుర్రాడు బ్యాంకు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మీకు తెలిసిందే. అప్పుడు ఫోన్లో ‘నాలుగున్నరకి ఫైనల్’ అని మెసేజ్ వస్తే వేలు ఆగుతుందా?

75 శాతం దగ్గర గీత

బండి పూర్తిగా నుజ్జయితేనే టోటల్ లాస్ అని చాలామంది అనుకుంటారు. అది కాదు లెక్క. మీ పాలసీ కాగితం మీద ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకున్న బండి విలువ అది. బండి ఆరు నెలల లోపుదైతే తయారీదారు ధరలో 5 శాతం తరుగు, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్లకి 30, నాలుగేళ్లకి 40, ఐదేళ్లకి 50 శాతం. ఐదు దాటితే మీరూ కంపెనీ మాట్లాడుకుని వేసుకున్న విలువ. రిపేరు ఖర్చు ఈ ఐడీవీలో 75 శాతం దాటితే బండి టోటల్ లాస్ కింద లెక్క.

ఉదాహరణకి ఐడీవీ ఆరు లక్షలు అనుకోండి. గీత నాలుగున్నర లక్షల దగ్గర పడుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్ కొత్త పార్టులు, లేబరు, పెయింటు, జీఎస్టీ కలిపి ఐదు లక్షల ఎస్టిమేట్ ఇచ్చింది. సర్వేయర్ టోటల్ లాస్ అన్నాడు. ఓనర్ డబ్బు తీసుకున్నాడు. మిగిలిన శకలాన్ని సాల్వేజ్ కింద వేలంలో ఒకాయన లక్షా ఎనభైకి పాడుకున్నాడు. ఆయన కొత్త పార్టులు ఎందుకు కొంటాడు? ఇంకో శకలం నుంచి డోరు, ఇంకోదాని నుంచి బానెట్, పాత డాష్‌బోర్డు. షెడ్డులో టింకరింగ్, పెయింటు. లక్షన్నరలో పని అయిపోయింది. ఐదు లక్షలకి అమ్మాడు. ఎంత మిగిలిందో మీరే లెక్కేసుకోండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎనిమిదేళ్ల బండి ఐడీవీ రెండు లక్షలే ఉందనుకుంటే, లక్షన్నర బిల్లుకే గీత దాటేస్తుంది. ముందు బంపర్, రెండు లైట్లు, రేడియేటర్, బానెట్, రెండు ఎయిర్‌బ్యాగులు మారిస్తే అంత అయిపోవచ్చు. లోపల ఎముక విరగకుండానే అది కాగితం మీద చచ్చిపోతుంది. అందుకే టోటల్ లాస్ అనగానే ఛీ కొట్టక్కర్లేదు. ఎందుకు అయింది అన్నదే అసలు ప్రశ్న. గుద్దుకుందా, బోల్తా పడిందా, మునిగిందా?

మునిగిన బండ్లు ఎక్కడి నుంచి వస్తాయో మనకి తెలుసు. 2015 డిసెంబరులో చెన్నై. 2020 అక్టోబరులో హైదరాబాద్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు కార్లు, ఆటోలు, బైకులు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. విశాఖ వాళ్లకైతే 2014 అక్టోబరు 12 మర్చిపోలేని తేదీ. హుద్‌హుద్ గాలికి వీధుల్లో చెట్లు విరిగి కార్ల మీద పడ్డాయి. ఇక్కడ అరకులో కాఫీ తోటల్లోని సిల్వర్ ఓక్ చెట్లు కూలాయి. ఒక్కో విపత్తు తర్వాత కొన్ని నెలలకి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ‘మంచి రేటు’ బండ్లు కనిపిస్తే ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు.

పూర్వం నంబరు ప్లేటు చూసి కొంత పసిగట్టేవాళ్లం. ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 31 అంటే విశాఖ, ఏపీ 35 అంటే విజయనగరం. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ వచ్చింది. ప్లేటు చూస్తే బండి ఏ ఊరిదో తెలీదు. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఏ ఆర్టీఓ ఆఫీసులో రిజిస్టర్ అయిందో వస్తుంది. అది చూసి బండి వరద ఊళ్ల నుంచి వచ్చిందా అని కనీసం అడగొచ్చు.

కార్పెట్ కింద గోదారి మట్టో, కృష్ణా మట్టో

మా పిన్ని కొడుకు ఈ మధ్య ఇలాంటి ఏడు సీట్ల బండి ఒకటి చూశాడు. నాలుగేళ్ల బండి, తెల్ల రంగు, అద్దంలా ఉంది. ‘అన్నా, ఒక్కసారి నువ్వు కూడా రా’ అన్నాడు. అడ్వాన్స్ ఇవ్వకుండా ముందు ఎస్.కోటలో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్దామన్నాను. బ్రోకర్ ముఖం కొంచెం మాడింది గానీ వచ్చాడు.

మెకానిక్ అన్న ఇంజిన్ వైపు చూడనే లేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. రోజూ వాడే భాగం శుభ్రంగా ఉంది. ఎప్పుడూ బయటికి రాని చివరి జానెడు మీద గోధుమరంగు చార. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీయించి గుంతలో వేలు పెట్టాడు. మూలన ఎండిన సన్నటి ఒండ్రు. డోరు దగ్గర కార్పెట్ అంచు లేపితే కింద నట్లన్నీ తుప్పు. పైన సీట్ కవర్లు మాత్రం కొత్తవి.

‘ఏటి బాబూ ఇది?’ అన్నాడు బ్రోకర్ వైపు చూసి.

‘వాటర్ వాష్ చేయించాం కదన్నా, అందులో నీళ్లు పోయుంటాయి’ అన్నాడతను.

‘వాటర్ వాష్‌లో నీళ్లు వస్తాయి. ఒండ్రు ఎక్కడి నుంచి వస్తాది?’

మా తమ్ముడికి అప్పటికీ బండి మీద మమకారం పోలేదు. ‘ఇంజిన్ బానే తిరుగుతోంది కదన్నా’ అన్నాడు. అప్పుడు ఆయన చెప్పిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి. ‘ఇంజిన్ ఇప్పి కట్టేయొచ్చు తమ్ముడూ. అదేం పెద్ద పని కాదు. వైర్లే గొడవ. నీళ్లు తాగిన వైరింగ్ ఈ రోజు బానే ఉంటాది, ఆరు నెలలకి ఒక్కో జాయింటు పచ్చబడతాది. ఎప్పుడు ఏది ఆగుతాదో నేను చెప్పలేను, దేవుడు చెప్పలేడు. నువ్వు తిరిగేది బీచ్ రోడ్డు మీద కాదు కదా.’

పైన పటారం లోన లొటారం అంటే ఇదే. బ్రోకర్ మారు మాట్లాడకుండా తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. పది రోజుల్లో ఆ బండి ఇంకెవరో కొన్నారని తెలిసింది. కొన్నవాళ్లకి ఎవరైనా బెల్టు లాగి చూపించారో లేదో మరి.

ఆ రోజు అదే షెడ్డులో గుద్దుకున్న బండ్ల సంగతి కూడా కాస్త నేర్చుకున్నాను. నాలుగు తలుపుల అద్దాల మూలల్లో చిన్న అక్షరాలతో తయారీ గుర్తులు ఉంటాయి. మూడు ఒకేలా ఉండి ఒకటి వేరుగా ఉంటే ఆ అద్దం మార్చినట్టు. అద్దం రాయి తగిలి కూడా పగలొచ్చు, అందుకని దాన్నే పట్టుకుని కూర్చోకూడదు. అదే వైపు డోరు బోల్టుల మీద పెయింట్ చెదిరి పానా గుర్తులు ఉంటే, బానెట్ సందు ఒకవైపు వెడల్పుగా ఉంటే మాత్రం కథ వేరే. బానెట్ ఎత్తి లోపల రెండు వైపులా ముందుకి వెళ్లే ఇనుప దూలాలు చూడాలి. కంపెనీ వెల్డింగ్ చిన్న చిన్న చుక్కల్లా వరసగా ఉంటుంది. షెడ్డు వెల్డింగ్ గీతలా, గుట్టలా ఉంటుంది. ఆ గీత కనిపిస్తే ధర ఎంత తగ్గించినా ఆ బండి కొండ మీదికి వద్దన్నాడు మెకానిక్ అన్న.

ఘాట్‌లో తేడా ఏంటంటే

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. సముద్రం ఒడ్డున బయల్దేరిన బండి 900 మీటర్ల పైకి వస్తుంది. ఎస్.కోట దాటాక అసలు కథ మొదలవుతుంది. ఎక్కేటప్పుడు ఇంజిన్ కష్టపడుతుంది, దిగేటప్పుడు బ్రేకు. 2021 ఫిబ్రవరి 12న డముకు దగ్గర హైదరాబాద్ పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. ఆ బస్సుకీ ఈ టోటల్ లాస్ కథకీ సంబంధం లేదు. ఈ రోడ్డు మీద పొరపాటుకి ఎంత చోటు ఉంటుందో చెప్పడానికే గుర్తు చేశాను.

బ్రేక్ ఆయిల్‌కి నీళ్లు పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో నీరు 3.7 శాతం చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. దిగుడంతా బ్రేకు తొక్కుతూ వస్తే వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. బుడగలు వస్తే పెడల్ నేలకి ఆనుతుంది గానీ బండి ఆగదు. మునిగిన బండికి ఆయిల్ మార్చడం కొన్ని వందల రూపాయల పని. అమ్ముకోవడానికి చేసిన బండికి ఆ వందలు కూడా పెట్టని వాళ్లుంటారు. ఏబీఎస్ యూనిట్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే అది వందలతో పోయేది కాదు.

ఎయిర్‌బ్యాగ్ సంగతి ఇంకా దారుణం. ఒకసారి విచ్చుకున్న బ్యాగు మళ్లీ పనికిరాదు, కొత్తది వేయాలి. ఖరీదెక్కువ. కాబట్టి కొందరు స్టీరింగ్ మీద మూత అతికించేసి, డాష్‌బోర్డులో హెచ్చరిక లైటు వెలగకుండా వైర్ల దగ్గర కిటుకు చేస్తారు. చూడటం తేలికే. తాళం ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా తేడా ఉన్నట్టే. సరిగ్గా వెలిగి ఆరినంత మాత్రాన లోపల బ్యాగు ఉందని గ్యారంటీ లేదు. అందుకే స్కానర్ పెట్టించాలి.

బండి చచ్చినా కాగితం బతికే ఉంటుంది

సాల్వేజ్‌కి రేటు అడిగేటప్పుడు రెండు ధరలు వినిపిస్తాయి. ‘విత్ ఆర్‌సీ’ ఒకటి, ‘వితౌట్ ఆర్‌సీ’ ఒకటి. ఆర్‌సీ లేకుండా అయితే పార్టుల ధరే. ఆర్‌సీతో అయితే ఎక్కువ. ఆ తేడా దేనికి? కాగితానికి! బాగుచేసి అమ్ముకునేవాడికి ఆ కాగితం కావాలి. దొంగకి ఇంకా ఎక్కువ కావాలి. నుజ్జయిన బండి ఆర్‌సీ, చాసిస్ నంబరు కొనుక్కుని, అదే మోడల్, అదే రంగు బండిని ఎక్కడో కొట్టేసి, ఈ నంబరు దాని మీద చెక్కేస్తే దొంగ బండికి దొరబాబు లాంటి కాగితాలు వచ్చేస్తాయి. 2020లో లక్నో పోలీసులు ఇలాంటి ముఠానే పట్టుకుని పెద్ద సంఖ్యలో కార్లు స్వాధీనం చేసుకున్నారు. అందుకే చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోయిందా అని మాత్రమే చూస్తే చాలదు. ఆ నంబరు చుట్టూ ఇనుము గీసినట్టు, అతికినట్టు ఉందా, అంకెలు ఒకే లోతులో ఉన్నాయా అని టార్చి వేసి చూడాలి.

మా ఏజెన్సీలో దీనికి ఇంకో కోణం ఉంది. గంజాయి రవాణాకి నంబరు మార్చిన బండ్లు వాడటం ఇక్కడి పోలీసులకి కొత్త కాదు. ప్రతి చెక్‌పోస్టు దగ్గరా మా కుర్రాళ్ల బండ్లని రెండుసార్లు తిప్పి చూడటం కూడా మాకు కొత్త కాదు. అలాంటి చోట చాసిస్ నంబరు మీద అనుమానం ఉన్న బండితో తిరగడం అంటే టూరిస్టుల ముందే స్టేషన్‌కి నడవడం.

తెల్ల ప్లేటు బండిని ట్యాక్సీగా తిప్పితే ఇంకో దెబ్బ. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పుతుండగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ సొంత నష్టం క్లెయిమ్‌ని తిప్పికొడుతుంది. పసుపు ప్లేటుకి మార్చుకుంటే ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. అది తలనొప్పి అనుకుంటారు గానీ, కనీసం ఇంకొకరు బండి కింద చూసే అవకాశం అదొక్కటే.

అమెరికాలో చదువుకునే మనవాళ్లని అడగండి. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో తక్కువలో కారు వెతికే ప్రతి తెలుగు స్టూడెంట్‌కీ ‘సాల్వేజ్ టైటిల్’ అనే మాట తెలుసు. అక్కడ టోటల్ లాస్ అయిన బండి కాగితం మీదే ఆ ముద్ర పడుతుంది. బాగుచేసి పరీక్ష చేయించాక ‘రీబిల్ట్’ అని మారుతుంది. కొంతమంది తెలిసే కొంటారు, చవక కాబట్టి. బ్రిటన్‌లో 2017 అక్టోబరు నుంచి ఏ, బీ, ఎస్, ఎన్ అని నాలుగు రకాలు. ఏ అయితే మొత్తం నలిపేయాలి, బీ అయితే పార్టులు మాత్రం తీసుకోవచ్చు, ఎస్ అంటే బండి అస్థిపంజరం దెబ్బతింది, ఎన్ అంటే అది బాగానే ఉంది. మన యాప్‌లో రిజిస్ట్రేషన్ తేదీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువు, లోను ఉందా లేదా అన్నీ వస్తాయి. ‘ఒకప్పుడు టోటల్ లాస్’ అనే గడి మాత్రం లేదు. క్లెయిమ్ ఇచ్చిన కంపెనీకి తెలుసు, సర్వేయర్‌కి తెలుసు, పాడుకున్నవాడికి తెలుసు. తెలియనిది కొనేవాడికే. ఒక్క గడి పెడితే పోయేదానికి కొనేవాడు సీటు బెల్టులు లాగుతూ తిరగాలా అన్నది నా కోపం.

అంతవరకు మన దారి మనం వెతుక్కోవాలి. ముందు పాత పాలసీ కాపీలు అడగండి. క్లెయిమ్ లేని ఏడాది తర్వాత 20 శాతం, అలా పెరుగుతూ ఐదేళ్లకి 50 శాతం దాకా నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. నాలుగేళ్లుగా ఒకే ఓనర్ అంటూ పాలసీలో బోనస్ సున్నా ఉంటే ఏదో క్లెయిమ్ అయి ఉండొచ్చు, అదేంటో చెప్పమనండి. నాలుగేళ్ల బండికి థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నా అనుమానించండి. బండి నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్లో హిస్టరీ అడిగించండి. నెలనెలా వెళ్లిన బండి ఒక తేదీ తర్వాత అసలు వెళ్లలేదంటే ఆ తేదీ దగ్గర ఆగండి. 2023 ఏప్రిల్ నుంచి సెకండ్ హ్యాండ్ డీలర్లు ఆర్టీఓ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలన్న రూల్ వచ్చింది, అది ఉందా అని అడగండి. అన్నీ అయ్యాక, ‘ఈ బండి మునగలేదు, టోటల్ లాస్ కాలేదు’ అని రాసి సంతకం పెట్టమనండి. నిజంగా మంచి బండైతే పెన్ను అడుగుతాడు. లేకపోతే ఫోను వస్తుంది, బయటికి వెళ్లి మాట్లాడతాడు. ఆ కాగితం చేతిలో ఉంటే, తర్వాత మోసం బయటపడినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయొచ్చు, కమిషన్‌కి వెళ్లొచ్చు.

తెలిసి కొనడం తప్పు కాదు. అస్థిపంజరం దెబ్బతినని పాత బండి, టోటల్ లాస్ అని ముందే చెప్పి, దానికి తగ్గ ధరకి ఇస్తే, పొలం పనికో సంతకి సరుకు వేయడానికో వాడుకోవచ్చు. ఏడుగురు టూరిస్టులని ఎక్కించుకుని గాలికొండ మలుపులు దిగడానికి మాత్రం నేను ఒప్పుకోను.

మీ బండే టోటల్ లాస్ అయితే? డబ్బు పడింది కదా అని చేతులు దులుపుకోకండి. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, పూర్తిగా పనికిరాకుండా పోయిన బండి గురించి 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకి తెలిపి ఆర్‌సీ అప్పగించాలి. బాగుచేసుకునేవాళ్లకి అమ్మితే పేరు మార్పు పూర్తయ్యేదాకా వదలొద్దు. 2018 ఫిబ్రవరి 6న నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగిన రోజు రికార్డులో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్లదే. సంతకం పెట్టిన ఖాళీ ఫారం 29, 30లు బ్రోకర్ చేతిలో పెట్టి రావద్దు. ఆధార్ జిరాక్స్ ఇస్తే దాని మీద అడ్డంగా ‘ఫలానా నంబరు బండి బదిలీ కోసం మాత్రమే’ అని తేదీతో రాయండి. బండి అప్పగించిన రోజు, టైముతో సహా రసీదు రాయించుకోండి. నెల తర్వాత ఎం-పరివాహన్‌లో మీ పాత నంబరు కొట్టి చూడండి. ఓనర్ పేరు సగం చుక్కలతో కప్పి ఉంటుంది. కనిపించే అక్షరాలు ఇంకా మీ పేరువే అయితే, ఆ బండి ఎక్కడ తిరుగుతున్నా మీదే.